అతిథుల మొగమాటము

మన భాషలో మొగమాటమను మాట యొకటి కలదు. దానికి సరియైన ఇంగ్లీషు మాటను వెదకి వేసారినవారు మనలో పెక్కురు. సిగ్గు అన్నను చాలదు. మర్యాద అన్నను సరిపడదు. పిరికితనమన్నచో మనకే కోపము వచ్చును. ఎదుటివాని మొగము చూచి మన నోట రావలసిన మాట రాకుండుటయే మొగమాటము. దీనిని మనము సుగుణముగానే యెంచుచున్నాము. మా పిల్లకు మొగమాటము మెండని చెప్పుకొని మురిసిపోవు తల్లులను మేమెరుగుదుము. ఈ సుగుణము ఒక చదువుకొన్న కుటుంబమును ఎంతదూరము కొనిపోగలదో చూపిన చలనచిత్రమొకటి డెన్మార్కు దేశమున 2022 సంవత్సరమున వెలువడినది. రెండేండ్ల పిమ్మట హాలీవుడ్డువారు దానినే తిరిగి తీసిరి. రెండింటిని మేము చూచితిమి. మొదటిది చూచిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రెండవది చూచిన రాత్రి సుఖముగా నిద్రించితిమి. అయినను మొదటిదే మేలైనదని మా అభిప్రాయము. ఎందువలననో వివరించుటకే యీ వ్యాసము. కథాంతమును చెప్పక యీ విమర్శ సాగదు గనుక, ముందుగా చిత్రమును చూడదలచినవారు ఈ పుటలను తరువాతనే చదువుట మంచిది.

డేనిషు చిత్రమునకు ఆ భాషలో 'గెస్టర్నె' యని పేరు. అతిథులని అర్థము. దర్శకుడు క్రిస్టియన్ టాఫ్‌డ్రుప్. తన సోదరుడగు మాడ్స్ టాఫ్‌డ్రుప్‌తో కలిసి కథను వ్రాసెను. అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవమున 2022 జనవరిలో దీనిని తొలుత ప్రదర్శించిరి. విదేశములలో దీనికి 'స్పీక్ నో ఈవిల్' అను పేరు పెట్టిరి. చెడు పలుకవలదని దాని భావము. నోటిపై చేతులుంచుకొన్న కోతిబొమ్మ మన యిండ్లలోను ఎరుకయైనదే. హాలీవుడ్డు చిత్రము ఇదే ఇంగ్లీషు పేరుతో జేమ్స్ వాట్కిన్స్ దర్శకత్వమున 2024 సెప్టెంబరులో విడుదలయ్యెను. అందు ముఖ్యపాత్రను జేమ్స్ మెకవాయ్ ధరించెను.

కథ మిక్కిలి చిన్నది. బ్యోర్న్, లూయీస్ అను డేనిషు దంపతులు, వారి చిన్నకూతురు ఆగ్నెస్, ఇటలీలోని టస్కనీకి విహారమునకు పోయిరి. అక్కడ పాట్రిక్, కారిన్ అను డచ్చి దంపతులతో పరిచయమయ్యెను. వారికి ఆబెల్ అను కొడుకు కలడు. ఆ బాలునికి నాలుక లేదు. పుట్టుకతోనే అట్లని తండ్రి చెప్పును. కొన్ని నెలల తరువాత, తమ పల్లెయింటికి వచ్చి వారాంతము గడపుడని డచ్చి దంపతులు జాబు వ్రాయుదురు. పోవలయునని గట్టి కోరిక లేదు. మానుటకు తగిన సాకును లేదు. పిలిచినవారిని కాదనుట బాగుండదని కారెక్కిరి. దర్శకుడు తానును ఒకప్పుడు టస్కనీలో డచ్చి కుటుంబమొకదానిని కలిసికొనెననియు, వారు తమ యింటికి పిలువగా పోలేదనియు చెప్పియున్నాడు. పోయియుండినచో ఏమగునను ఊహయే ఈ కథకు బీజము.

ఇక ఆ యింట జరుగునవి చూడుడు. లూయీస్ మాంసము తినదు. ఆ మాట టస్కనీలోనే చెప్పినది. అయినను పాట్రిక్ అడవిపంది మాంసమును కాల్చి, మొదటి ముక్క అతిథికే చెందవలెనని ఆమె నోటికి అందించును. ఆమె ఒక్క క్షణము తడబడి మ్రింగును. తరువాత భోజనమునకు హోటలుకు పోదమందురు. పిల్లలును వత్తురని వీరనుకొందురు. తీరా బయలుదేరువేళకు, వీరెన్నడును చూడని మనిషియొకడు పిల్లలను కనిపెట్టుటకు ఇంటికి వచ్చియుండును. వలదనరు. పిలిచినవాడు బిల్లు చెల్లింపక అతిథిచేతనే చెల్లింపించును. చెల్లింతురు. త్రాగి కారు నడపును. సంగీతము చెవులు పగులునట్లు పెట్టును. తగ్గింపుమని చెప్పి, తగ్గింపకున్న ఊరకుందురు. లూయీస్ స్నానము చేయుచుండగా పాట్రిక్ ఆ గదిలోనికే వచ్చి పండ్లు తోముకొనును. దేనినిగూర్చియు పెద్ద తగవు లేదు. ఒక్కొక్కటి మిక్కిలి చిన్నది. ఇంత చిన్నదానికి రభస యెందుకని ఎవరికైనను తోచును. ఆ తోచుటలోనే యీ చిత్రము యొక్క నేర్పంతయు ఉన్నది. మెట్టు మెట్టుకు మధ్య ఎత్తు కొంచెమే, దిగుచున్నామని తెలియదు, తెలిసినప్పటికి అడుగు కానవచ్చును.

ఇక్కడ భాషనుగూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. డేనిషువారును డచ్చివారును ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాటలాడుకొందురు. అది ఉభయులకును సొంతభాష కాదు. పరభాషలో మర్యాదవాక్యములు సులభముగా వచ్చును, కోపము రాదు. కృతజ్ఞతయు క్షమాపణయు బడిలో నేర్పిన మాటలే. మా బిడ్డను ముట్టవద్దని తీవ్రముగా చెప్పుటకు తల్లిభాష కావలయును. ఆ దంపతులు తమలో తాము డేనిషులో గొణుగుకొందురు. చెప్పవలసిన నిజమంతయు ఆ భాషలోనే ఉండిపోవును. ఎదుటివారికి చేరు భాషలో చిరునవ్వు మాత్రమే చేరును. హాలీవుడ్డు చిత్రమున అతిథులు లండనులో నివసించు అమెరికావారు, ఆతిథేయులు ఇంగ్లండు పల్లెవారు. ఉభయులకును ఇంగ్లీషే తల్లిభాష. అందుచేత ఈ సూక్ష్మము ఆదిలోనే అణగిపోయినది. ఇట్టి చిన్న మార్పులు లెక్కలోనికి రానట్లుండును. కాని కథ యొక్క ప్రాణనాడి అక్కడనే యున్నది.

చిత్రమునకు నడిబొడ్డు ఒక రాత్రి. ఆగ్నెస్ నిద్రపట్టక తల్లిని పిలుచును. తల్లిదండ్రులు తమ గదిలో ఏకాంతమున నుండి పలుకరు. కొంతసేపటికి లూయీస్ వెదకబోగా, కూతురు పాట్రిక్, కారిన్‌ల పడకపై నిద్రించుచుండును. ప్రక్కనున్న పాట్రిక్ ఒంటిపై బట్టలుండవు. అక్కడ మరేదియో నేరము జరిగినదని చిత్రము చెప్పదు. అది చాలును. తల్లి బిడ్డనెత్తుకొని, భర్తను లేపి, తెల్లవారకముందే ఎవరికిని చెప్పక బయలుదేరును. చూచువారమెల్లరము ఊపిరి పీల్చుకొందుము. కొంతదూరము పోయిన తరువాత ఆగ్నెస్ తన కుందేలుబొమ్మ కనబడలేదని ఏడ్చును. కారు వెనుకకు తిరుగును. ఆతిథేయులు ఎదురుపడి, చెప్పకుండ పోవుటకు మేమేమి చేసితిమని బాధతో అడుగుదురు. లూయీస్ తన అభ్యంతరములను ఒక్కొక్కటిగా చెప్పును. వారు ప్రతిదానికిని ఒక కారణము చెప్పి, నొచ్చుకొని, క్షమాపణ కోరుదురు. అప్పుడు ఎవరు తప్పు చేసినవారు? పిలిచిన స్నేహితులను అనుమానించినందుకు అతిథులే సిగ్గుపడుదురు. మరల లోనికి పోవుదురు. మా ఎరుకలో ఏ దయ్యపు చిత్రమునందును ఇంత భయంకరమైన దృశ్యము లేదు. కత్తి లేదు, నెత్తురు లేదు. నలుగురు పెద్దమనుషులు ఒకరినొకరు మన్నించుకొనుచున్నారు, అంతే.

ఈ ఘట్టము మాకు దూరదేశపు కథగా తోచలేదు. మన యిండ్లలో చుట్టము వచ్చినప్పుడు, వెనుకకు జరుగుచున్న పసిదానిని 'పో అమ్మా, మామయ్య పిలుచుచున్నాడు గదా' యని ముందుకు త్రోయు పెద్దలెందరు లేరు? పోనని బిడ్డ మారాము చేసినచో మర్యాద తెలియని పిల్లయని మందలింతుము. బిడ్డ శరీరము చెప్పుచున్న మాటకంటె చుట్టపు మొగము మనకు ముఖ్యమగును. బాలలను లైంగిక నేరములనుండి కాపాడుటకై మన దేశమున 2012 సంవత్సరమున పోక్సో చట్టము వచ్చినది. అట్టి నేరము జరిగినదని యెరిగినవారు పోలీసులకు తెలుపవలెనని దాని 19వ సెక్షను విధించుచున్నది. తెలుపకుండుట శిక్షార్హమని 21వ సెక్షను చెప్పుచున్నది. అనగా మౌనమునే నేరముగా ఎంచిన చట్టమది. కాని చట్టము వీధిగుమ్మము దగ్గర నిలిచియుండును. లోపలినుండి ఎవరో యొకరు నోరు తెరచి పిలువవలయును. ఆ నోరు తెరువనీయనిది భయము కొంత, మొగమాటము కొంత. డేనిషు చిత్రము ఈ రెండవదానిపై దీపము పట్టినది.

బ్యోర్న్ పాత్రనుగూర్చియు చెప్పక తీరదు. మోర్టెన్ బూరియన్ ఈ పాత్రను చాల నిగ్రహముతో అభినయించెను. బ్యోర్న్ దుర్మార్గుడు కాడు, మూర్ఖుడును కాడు. తన జీవితము చక్కగా నున్నదని యెరుగును. అది తనకు ఊపిరాడనీయకున్నదనియు ఎరుగును. పాట్రిక్ వానిని నిర్జనస్థలమునకు కొనిపోయి, గొంతెత్తి అరువుమనును. వాడు అరచును, కన్నీరు పెట్టును. మర్యాదయను చెరసాలనుండి తనను విడిపింపగలవాడు ఈ మొరటు మనిషియే యని వానికి తోచును. అందుచేతనే వాడు భార్యకంటె ముందుగా పాట్రిక్‌ను మన్నించును. మర్యాదస్థులు మొరటువారిపట్ల రహస్యముగా పడు మోజును ఇంత సూటిగా చూపిన రచనలు అరుదు. పాట్రిక్‌గా నటించిన ఫెద్యా వాన్ హ్యూట్ నవ్వినను భయము కలుగును. అయినను ఆ నవ్వులో ఆకర్షణయు నున్నది. వాడు మొదటినుండియు రాక్షసుడుగా కానరాడు గనుకనే కథ నమ్మదగినదైనది.

అంత్యము క్రూరమైనది. ఒక రాత్రి బ్యోర్న్ ఆ యింట దాచిన ఛాయాపటములను చూచును. ఇట్లే పిలువబడిన కుటుంబములు ఎన్నో. ప్రతి కుటుంబపు బిడ్డయు తరువాతి పటములో ఆతిథేయుల బిడ్డగా నుండును. ఆబెల్ నీటిలో శవమై తేలుచుండును. పారిపోజూచి దొరకిపోవుదురు. ఆగ్నెస్ నాలుకను కోసి, ఆమెను కొనిపోవుదురు. తల్లిదండ్రులను ఒక గోతిలోనికి దింపి రాళ్లతో కొట్టి చంపుదురు. దానికి ముందు, ఇట్లేల చేయుచున్నారని బ్యోర్న్ అడుగును. మీరు చేయనిచ్చితిరి గనుక చేయుచున్నామని పాట్రిక్ బదులు చెప్పును. ఈ ప్రత్యుత్తరముతో వెనుకటి కథయంతయు మన కన్నులయెదుట మరల తిరుగును. పంది మాంసము, హోటలు బిల్లు, స్నానపుగది, కుందేలుబొమ్మ: ప్రతిచోటను ఒక తలుపు తెరచియుండెను, ప్రతిచోటను వీరే దానిని మెల్లగా మూసిరి. పెద్దలు పలుకవలసినవేళ పలుకనందుకు పసిదాని నాలుక పోయినది. చెడు పలుకవలదను పేరునకు అర్థము అప్పుడు తెలియును.

హాలీవుడ్డు చిత్రమునకు న్యాయము చేయవలసినదే. అది అలసత్వముతో తీసిన చిత్రము కాదు. మెకవాయ్ బలమైన నటుడు. పాడీ యను ఆతిథేయునిలో పౌరుషమును, హాస్యమును, ఉన్మాదమును ఒకదానివెంట నొకటి చూపెను. మెకెంజీ డేవిస్ ధరించిన లూయీస్‌కు తెలివియు తెగువయు నిచ్చిరి. మూగబాలుడు తన గతిని ఆగ్నెస్‌కు ఛాయాపటముల మూలమున తెలుపుట మంచి కల్పనయే. పిల్లలకు పెద్దలకంటె ముందుగా నిజము తెలియునన్న భావము అందు కలదు. మొదటి రెండు పాళ్లలో మూలచిత్రపు ఘట్టములే చాలవరకు నిలిచినవి. చివరిపాలున మాత్రము కథ త్రోవ మారినది. అతిథులు తిరుగబడుదురు, ఇల్లు యుద్ధభూమియగును, ఆతిథేయురాలు చచ్చును, ఆగ్నెస్ మందుసూదితో పాడీని పడగొట్టును, మూగబాలుడు రాతితో వాని తల చితుకగొట్టును, మిగిలినవారందరును బ్రతికి బయటపడుదురు.

ఇక్కడ ఒక వింత గమనింపవలసియున్నది. డేనిషు చిత్రమున రాళ్లు పడినది అతిథులపైన; హాలీవుడ్డు చిత్రమున రాయి పడినది దుర్మార్గునిపైన. రెండు చిత్రములకును గల భేదమంతయు ఈ రాతిదిశలోనే యున్నది. మొదటి చిత్రము మనల నుద్దేశించి, నీవు ఏవేళ నోరు మెదపకుంటివని యడుగును. రెండవది, చెడ్డవాడు చచ్చినాడు గదా, ఇక పొమ్మని పంపివేయును. చేయనిచ్చితిరి గనుక చేసితిమను భావము గల మాట రెండవ చిత్రములోను వినబడును. కాని అక్కడ అది దుష్టుని ప్రగల్భముగా మిగిలినది. ఏలయన కొద్దిసేపటికే వీరు చేయనీయక గెలిచిరి. మొగమాటము చంపునది కాదనియు, ఆయుధము దొరకువరకు ఓపికపట్టినచో సరిపోవుననియు దాని తాత్పర్యమైనది. అతిథుల బలహీనతకును వేరే కారణములు చూపిరి. భర్తకు ఉద్యోగము పోయినదట. భార్య పరపురుషునితో సందేశములు నడపినదట. డేనిషు దంపతులకు ఇట్టి సాకులు లేవు. వారికి మర్యాద తప్ప మరియొక రోగము లేదు. అందుచేత ఆ రోగము మనకును అంటుకొన్నదేమోయని భయపడుదుము.

ఇట్లు అంత్యమును తీపిచేయుట హాలీవుడ్డునకు క్రొత్త గాదు. జార్జ్ స్లైజర్ అను డచ్చి దర్శకుడు 1988లో 'స్పోర్లోస్' అను చిత్రము తీసెను; అందు కథానాయకుడు సజీవముగా పూడ్చబడును. ఆ దర్శకుడే 1993లో అమెరికాలో దానిని తిరిగి తీయగా, నాయకుడు బ్రతికి బయటపడెను. 'డెన్ స్కుల్డియె' యను 2018నాటి డేనిషు చిత్రమున, అత్యవసర ఫోనులకు బదులుచెప్పు పోలీసువాడు కాపాడజూచిన కుటుంబమున పసికందు మరణించును. 2021లో వెలువడిన అమెరికా చిత్రమున ఆ పసికందు బ్రతుకును. ప్రతిచోటను ఒక ప్రాణము మిగిలినది. ప్రతిచోటను ఒక ప్రశ్న చచ్చినది.

విషాదాంతము మన సంప్రదాయమునకు సరిపడదను వాదము మన నాటకరంగమునకును పరిచితమే. సంస్కృత నాటకము మంగళాంతమునే కోరెను. అయినను బళ్లారి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 'విషాద సారంగధర'ను వ్రాసి, నిరపరాధియగు కుమారుడు పెద్దల తొందరపాటునకు బలియగుటను తెలుగు రంగముపై చూపిరి. తెలుగున తొలి విషాదాంత నాటకముగా దానిని పేర్కొందురు. ప్రేక్షకులు కన్నీరు కార్చిరేగాని, ధర్మము చెడెనని రంగము విడిచి పోలేదు. కొన్ని సత్యములకు మంగళహారతి పట్టినచో అవి అసత్యములగును.

మూలచిత్రముపై ఆక్షేపణలు లేకపోలేదు. ఈ దంపతులంత చేతగానివారు లోకమున నుందురా యని పలువురు అడుగుచున్నారు. చివరి ఘట్టమున, చావు తప్పదని తెలిసియు వారు పెనుగులాడకుండుట మాకును అతిగా తోచినది. అక్కడ దర్శకుడు మనుషులను విడిచి తన సూత్రమును పట్టుకొన్నాడు. ప్రశాంతమైన దృశ్యములపై ఆదినుండియు భయంకరమైన సంగీతమును మ్రోగించుటయు అనవసరము; చూపబోవు కీడును ముందే చాటింపువేసినట్లున్నది. పసిదాని నాలుక కోయుటను అంత దగ్గరగా చూపనక్కరలేదు. పిల్లలతో కలిసి చూడదగిన చిత్రము కాదిది. ఇవి దోషములే. కాని మొదటి ఆక్షేపణ మాత్రము మాకు సమ్మతము గాదు. వారు తిరిగి ఆ యింటికి పోవుట అసంభవమని నవ్వువారు తమ జీవితమును ఒకసారి తలచుకొందురు గాక. వలదనుకొన్న అప్పు ఇచ్చుటయు, చదువకయే హామీపత్రముపై చేవ్రాలు చేయుటయు, కట్నము అడిగినవారి యెదుట నలుగురిలో బాగుండదని తలయూపుటయు మనము చేసిన పనులే. వాటికిని ప్రతిచోట ఒక తలుపు తెరచియే యుండెను.

ఆతిథ్యధర్మమునుగూర్చి మన పెద్దలు ఎంతయో చెప్పిరి. అతిథిని దేవునిగా చూడుమనిరి. కాని అతిథియైనవాడు తన బిడ్డను, తన మనసును, తన మాటను ఆతిథేయునికి సమర్పింపవలెనని ఎవరును చెప్పలేదు. మర్యాద అనునది ఉభయులు పట్టుకొన్న త్రాడు. ఒకడు విడిచిన తరువాతను రెండవవాడు పట్టుకొనియే యున్నచో అది వాని మెడకే చుట్టుకొనును.

మేము రెండు చిత్రములను చూచిన పిమ్మట మా యింట ఒక చిన్న మార్పు జరిగినది. చుట్టము వచ్చినప్పుడు పిల్లలను దగ్గరకు పొమ్మని చెప్పుట మానితిమి. నమస్కారము చాలునంటిమి. ఒక వృద్ధబంధువు నొచ్చుకొనిరి. మాకును ఆ క్షణమున మొగము చెల్లలేదు. మాట మార్చి ఏదో చెప్పి సర్దుకొనవలెననియే తోచినది. సర్దుకొనలేదు. ఆయన కాఫీ త్రాగి, కొంతసేపటికి మామూలుగానే మాటలాడి వెళ్లిరి. లోకమేమియు మునుగలేదు. హాలీవుడ్డు చిత్రము ఎంత నేర్పుగా తీసినను మాచేత ఈపాటి పని చేయించియుండదని మేము నమ్ముచున్నాము.